సార్వజనిక గణేశోత్సవాలు

భాద్రపద శుద్ధ చవితి నుండి అనంత చతుర్దశి వరకు వీధులలోను, కూడళ్ళలోను, కాలనీలలోను వినాయకుని విగ్రహాన్ని ప్రతిష్ఠించి ప్రజలంతా కలసి జరుపుకునే ఉత్సవాలను సార్వజనిక గణేశోత్సవాలు అంటారు. 'సార్వజనిక' అనగా సర్వ జనులకు సంబంధించినది అని అర్థం. ఇంటిలో జరుపుకునే వినాయక చవితి పూజ ఎంతో ప్రాచీనమైనది కాగా, ఈ సామూహిక ఉత్సవాలు మాత్రం 19వ శతాబ్దపు చివరి దశకంలో పూణే, బొంబాయి నగరాలలో రూపుదిద్దుకున్నాయి. తరువాతి కాలంలో ఇవి దక్కను ప్రాంతమంతటా, తెలుగునాట కూడా వ్యాపించాయి. ఒక సాంస్కృతిక కార్యక్రమం సమాజాన్ని ఎలా కలుపుతుందో, కొన్నిసార్లు ఎలా విడదీస్తుందో, జీవనోపాధిని, చెరువులను, చట్టాలను ఎలా ప్రభావితం చేస్తుందో తెలుసుకోవడానికి ఈ ఉత్సవాల చరిత్ర మంచి ఉదాహరణ.

ఇంటి పూజ, వీధి ఉత్సవం

తెలుగువారి ఇళ్ళలో వినాయక చవితి నాడు మట్టితో చేసిన చిన్న ప్రతిమను పీటపై ఉంచి, పైన పాలవెల్లి కట్టి, ఇరవై ఒక్క రకాల పత్రితో పూజించి, ఉండ్రాళ్ళు, కుడుములు నైవేద్యం పెడతారు. పిల్లల చేత పుస్తకాలను పూజలో పెట్టిస్తారు. శమంతకోపాఖ్యానం చదివి అక్షతలు తలపై వేసుకుంటారు. పూజ ముగిసిన తరువాత ప్రతిమను, పత్రిని దగ్గరలోని చెరువులో గాని, బావిలో గాని కలుపుతారు. చెరువు మట్టితో చేసిన బొమ్మ తిరిగి చెరువులోనే కలిసిపోతుంది. ఈ పూజకు అయ్యే ఖర్చు, దాని ఫలితం రెండూ ఆ కుటుంబానికే పరిమితం.

సార్వజనిక ఉత్సవంలో పరిస్థితి వేరు. ఇందులో మండపం వేయడానికి వీధి కావాలి, ఖర్చుకు చందాలు కావాలి, దీపాలకు విద్యుత్తు కావాలి, ఊరేగింపుకు రహదారి, నిమజ్జనానికి చెరువు కావాలి. ఇవన్నీ అందరికీ చెందినవి. కనుక ఉత్సవ ఫలితాలు కూడా అందులో పాల్గొన్నవారికీ, పాల్గొననివారికీ సమానంగా చేరతాయి. ఈ ఉత్సవాలపై గత నూటముప్పై ఏళ్ళుగా వచ్చిన వివాదాలలో చాలావాటికి మూలం ఈ మార్పులోనే ఉన్నది.

చరిత్ర

పీష్వాల కాలంలో పూణేలోని శనివార్‌వాడలో గణేశ పూజ ఆస్థాన వైభవంతో జరిగేది. 1818లో పీష్వాల పాలన అంతమైన తరువాత అది ప్రధానంగా ఇళ్ళకు పరిమితమయింది. 1892లో భావూసాహెబ్ రంగారీ పూణేలో సార్వజనిక గణపతిని ప్రతిష్ఠించాడని ఒక వాదన ఉన్నది. బాల గంగాధర తిలక్ 1893-94లలో ఈ ఉత్సవానికి విస్తృత ప్రచారం కల్పించి ప్రజా ఉద్యమంగా మలిచాడు. వీరిద్దరిలో ఆద్యుడెవరన్న చర్చ పూణేలో చాలా కాలంగా సాగుతున్నది. బొంబాయిలో గిర్గావ్‌లోని కేశవ్‌జీ నాయక్ చాళ్‌లో 1893లోనే ఉత్సవం మొదలైంది.

అప్పటికి భారత జాతీయ కాంగ్రెసు ప్రధానంగా ఇంగ్లీషు చదువుకున్నవారి సంస్థ. సామాన్యుడికి పరిచయమున్న పండుగ ద్వారా అతనిని ప్రజాజీవితంలోకి తీసుకురావచ్చునని తిలక్ భావించాడు. తన 'కేసరి' పత్రికలో ఈ ఉత్సవాలను సమర్థిస్తూ రాశాడు. మండపాలలో ఉపన్యాసాలు, భజనలు, వ్యాయామ ప్రదర్శనలు జరిగేవి. 'మేళా'లు అనే గాయక బృందాలు ఒకే రకం దుస్తులతో, పాటలు పాడుతూ వీధులలో తిరిగేవి. దేవుని పాటలతో మొదలైన ఈ మేళాలు క్రమంగా స్వదేశీ, స్వరాజ్య భావాలను కూడా ప్రచారం చేశాయి. 1908లో రాజద్రోహ నేరంపై తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష విధించి మాండలే పంపించారు. ఆ కాలంలో ప్రభుత్వం మేళాలపై ఆంక్షలు విధించింది.

ఈ చరిత్రకు మరో పార్శ్వం కూడా ఉన్నది. 1893 ఆగష్టులో బొంబాయిలో హిందువులకు, ముస్లిములకు మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. అంతకు పూర్వం పూణేలో హిందువులు కూడా మొహర్రం ఊరేగింపులలో పెద్ద సంఖ్యలో పాల్గొనేవారు. అల్లర్ల తరువాత వారు మొహర్రానికి దూరమవడం, అదే సమయంలో గణేశోత్సవం ఊపందుకోవడం జరిగింది. గణేశ ఊరేగింపులో మొహర్రం ఊరేగింపు పోలికలను ఆనాటి పరిశీలకులు గుర్తించారు. 1894లో పూణేలో మసీదు ముందు వాయిద్యాలు మోగించడంపై ఘర్షణ కూడా జరిగింది. పరాయి పాలనకు వ్యతిరేకంగా ఒక వర్గాన్ని ఏకం చేసిన ఉత్సవమే, అంతవరకు ఒకే పండుగలో కలసి నడచిన ఇరుగుపొరుగులను వేరుచేయడానికి కూడా తోడ్పడింది.

'సర్వ జనులు' అంటే ఎవరు?

ఉత్సవం పేరులో సార్వజనికత ఉన్నప్పటికీ, నిర్వహణలో అగ్రవర్ణాల ఆధిపత్యం ఉన్నదని మహారాష్ట్రలోని బ్రాహ్మణేతర ఉద్యమం విమర్శించింది. 1922లో పూణేలో కేశవరావు జేధే, దినకరరావు జవల్కర్ తదితరులు 'ఛత్రపతి మేళా'ను ఏర్పాటు చేసి, ఉత్సవ వేదికనుండే ఆ ఆధిపత్యాన్ని ప్రశ్నిస్తూ పాటలు పాడించారు. ఉత్సవాన్ని బహిష్కరించడానికి బదులు దానిలో తమ వాటాను కోరడం ఈ ఉద్యమ ప్రత్యేకత.

1926లో బొంబాయిలోని దాదర్‌లో ఇదే ప్రశ్న మరింత సూటిగా ఎదురైంది. అందరి చందాలతో జరిగే ఉత్సవంలో దళితులకు పూజ చేసే అవకాశం లేకపోవడాన్ని ప్రబోధనకార్ ఠాక్రే, ఆయన సహచరులు ప్రశ్నించారు. బి.ఆర్. అంబేద్కర్ కూడా ఈ ఆందోళనలో పాలుపంచుకున్నాడు. చివరకు ఒక దళితుడు తెచ్చిన పూలను పూజారి స్వీకరించి పూజ చేసే విధంగా రాజీ కుదిరింది. అదే సంవత్సరం దాదర్‌లో సార్వజనిక నవరాత్రి ఉత్సవం ప్రారంభమైంది.

బొంబాయిలోని లాల్‌బాగ్ ఉత్సవం మరో విధమైన ఉదాహరణ. తమ వ్యాపారానికి శాశ్వత స్థలం దొరికితే గణపతిని నిలుపుతామని అక్కడి మత్స్యకారులు, చిన్న వర్తకులు మొక్కుకొని, స్థలం లభించిన తరువాత 1934లో విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. మిల్లు కార్మికుల పేటలో పుట్టిన ఈ 'లాల్‌బాగ్‌చా రాజా' నేడు దేశంలోని ప్రసిద్ధ గణేశ మండపాలలో ఒకటి.

తెలుగునాట వ్యాప్తి

నేటి మహారాష్ట్రలోని మరాఠ్వాడా జిల్లాలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉండేవి. హైదరాబాదు నగరంలో మరాఠీ కుటుంబాలు కూడా గణనీయంగా ఉండేవి. తెలంగాణ నుండి షోలాపూరు, భివండి, బొంబాయి వంటి చోట్లకు చేనేత, మిల్లు పనులకు వలస వెళ్ళిన కుటుంబాలకు కూడా అక్కడి ఉత్సవాలతో పరిచయం ఉన్నది.

హైదరాబాదులోని ఖైరతాబాదులో 1954లో సింగరి శంకరయ్య ఒక అడుగు ఎత్తు విగ్రహంతో ఉత్సవాన్ని ప్రారంభించాడు. ఏటా ఒక అడుగు చొప్పున ఎత్తు పెంచుతూ పోవడంతో 2014 నాటికి అది 60 అడుగులకు చేరింది. చిన్నస్వామి రాజేంద్రన్ అనే శిల్పి అనేక దశాబ్దాలుగా ఈ విగ్రహాలను రూపొందిస్తున్నాడు. కోవిడ్ వ్యాప్తి వల్ల 2020లో కేవలం 9 అడుగుల మట్టి విగ్రహాన్ని నిలిపారు. 2022లో 50 అడుగుల విగ్రహాన్ని మట్టితో తయారుచేశారు. ఉత్సవం మొదలై డెబ్బై ఏళ్ళయిన సందర్భంగా 2024లో విగ్రహం ఎత్తు 70 అడుగులు.

1980లో భాగ్యనగర్ గణేశ్ ఉత్సవ సమితి ఏర్పడింది. నగరంలోని వేర్వేరు మండపాల ఊరేగింపులను కలిపి బాలాపూర్ నుండి చార్మినార్ మీదుగా హుస్సేన్ సాగర్ వరకు ఒకే సామూహిక శోభాయాత్రగా నిర్వహించడం ఆనవాయితీ అయింది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దంలో నిర్మించబడిన హుస్సేన్ సాగర్ ఈ విధంగా నగరంలో ప్రధాన నిమజ్జన స్థలంగా మారింది.

సామాజిక ప్రాధాన్యత

నగరాలకు కొత్తగా వలస వచ్చినవారికి, అపార్టుమెంట్లలో ఒకరినొకరు ఎరుగక నివసించేవారికి ఈ ఉత్సవాలు పరిచయ వేదికగా ఉపయోగపడుతున్నాయి. పది రోజులపాటు సాయంత్రం హారతికి అందరూ ఒకచోట చేరడం, వంతులవారీగా ప్రసాదం చేయడం, పిల్లల ఆటపాటల పోటీలు, అన్నదానం మొదలైనవి ఇరుగుపొరుగుల మధ్య సంబంధాలను పెంచుతాయి. పలుచోట్ల మండప నిర్వాహకులు రక్తదాన శిబిరాలు, వైద్య శిబిరాలు కూడా ఏర్పాటు చేస్తారు.

యువకులకు ఇది నిర్వహణలో తొలి శిక్షణ. చందాలు వసూలు చేయడం, లెక్కలు రాయడం, పోలీసు శాఖ నుండి, విద్యుత్ శాఖ నుండి అనుమతులు పొందడం, జనాన్ని అదుపు చేయడం వంటివి వారు ఇక్కడ నేర్చుకుంటారు. స్థానిక రాజకీయాలలోకి వచ్చిన పలువురు ఇటువంటి మండళ్ళ నుండే ఎదిగారు. అందువలననే రాజకీయ పక్షాలు మండపాలకు విరాళాలిచ్చి తమ ఫ్లెక్సీలను కట్టించుకోవడం సాధారణమయింది. మరోవైపు చందాల కోసం వర్తకులను, గృహస్థులను ఒత్తిడి చేయడం, వసూలైన సొమ్ముకు లెక్కలు చూపకపోవడం తరచుగా వినిపించే ఫిర్యాదులు.

ఆర్థిక ప్రభావం

విగ్రహ శిల్పులు, పందిళ్ళు వేసేవారు, పూలు, పత్రి అమ్మేవారు, విద్యుద్దీపాల పనివారు, బ్యాండు మేళాలు, డప్పు కళాకారులు, లారీలు, క్రేన్ల యజమానులు మొదలైనవారికి ఈ ఉత్సవాల వలన ఆదాయం లభిస్తుంది. మహారాష్ట్రలోని పేణ్ పట్టణం, హైదరాబాదులోని ధూల్‌పేట విగ్రహాల తయారీకి ప్రసిద్ధి చెందినవి. ధూల్‌పేటలో ఒకప్పుడు నాటుసారా తయారీపై ఆధారపడిన కుటుంబాలలో కొన్ని దానిని విడిచి విగ్రహాలు, గాలిపటాల తయారీకి మళ్ళాయి. అక్కడ విగ్రహాల పని పండుగకు చాలా నెలల ముందే మొదలవుతుంది. పెట్టుబడి కోసం చాలామంది అప్పులు చేస్తారు. పండుగకు కొద్ది రోజుల ముందు వెలువడే నిషేధాలు వీరిని తీవ్రంగా దెబ్బతీస్తాయి.

లడ్డు వేలం తెలుగునాట ఉత్సవాలలో ప్రత్యేకత. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన ఈ వేలం 2024లో 30 లక్షల 1 వేయి రూపాయలకు చేరింది. ఈ సొమ్మును గ్రామాభివృద్ధి పనులకు, దేవాలయాలకు వినియోగిస్తారు. లడ్డును దక్కించుకోవడం శుభప్రదమనే నమ్మకంతో పాటు సమాజంలో హోదాకు కూడా గుర్తుగా మారింది.

పర్యావరణంపై ప్రభావం

విగ్రహాల ఎత్తు పెరిగేకొద్దీ బంకమట్టి స్థానంలో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వాడకం పెరిగింది. జిప్సం ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే ఈ పొడి తయారవుతుంది. నీరు కలిపి అచ్చులో పోస్తే కొద్ది నిమిషాలలో గట్టిపడుతుంది. మట్టి విగ్రహం కంటే తేలికగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, రవాణాలో పగుళ్ళు రావు, ఖర్చు కూడా తక్కువ. కాని మట్టి వలె ఇది నీటిలో కరగదు. ముక్కలు నెలల తరబడి అడుగున మిగిలిపోతాయి. క్రమంగా కాల్షియం, సల్ఫేటు లవణాలు నీటిలో చేరి కఠినత్వం పెరుగుతుంది. రసాయన రంగులలోని సీసము, క్రోమియం, కాడ్మియం వంటి భార లోహాలు నీటిలోను, అడుగు మట్టిలోను చేరతాయి. పూలు, పత్రి, బట్టలు కుళ్ళడం వలన నీటిలో కరిగిఉన్న ఆక్సిజన్ తగ్గి చేపలకు హాని కలుగుతుంది. అయితే హుస్సేన్ సాగర్ కాలుష్యానికి విగ్రహాలు ఒక్కటే కారణం కాదు. దశాబ్దాలుగా చేరుతున్న మురుగునీరు, పారిశ్రామిక వ్యర్థాలు కూడా ముఖ్య కారణాలు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనానికి మార్గదర్శకాలను ప్రకటించి, 2020లో వాటిని సవరిస్తూ ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలను నిషేధించాలని సూచించింది. 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు హుస్సేన్ సాగర్‌లో అటువంటి విగ్రహాల నిమజ్జనాన్ని నిషేధించింది. అప్పటికే విగ్రహాలు సిద్ధమై ఉన్నందున ఆ ఒక్క ఏడాదికి మాత్రం సుప్రీం కోర్టు అనుమతినిచ్చింది. ఆ తరువాత నగరంలో పలుచోట్ల నిమజ్జనానికి ప్రత్యేక కొలనులను ఏర్పాటు చేశారు. 2025లో బొంబాయి హైకోర్టు ఆరు అడుగులు, అంతకు తక్కువ ఎత్తున్న ప్లాస్టర్ విగ్రహాలను కృత్రిమ కొలనులలోనే నిమజ్జనం చేయాలని ఆదేశించింది.

ప్రభుత్వ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు మట్టి ప్రతిమలను పంపిణీ చేయడం, పాఠశాలలలో పిల్లల చేత తయారు చేయించడం వలన ఇళ్ళలో మట్టి వినాయకుని వాడకంపై అవగాహన పెరిగింది. ఖైరతాబాదు వంటి పెద్ద మండపం మట్టికి మారడంతో, ఎత్తైన విగ్రహానికి ప్లాస్టర్ తప్పనిసరి అనే వాదన బలహీనపడింది.

ధ్వని, భద్రత

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లకు మించరాదు. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగల సందర్భంలో రాష్ట్ర ప్రభుత్వాలు సంవత్సరానికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. భజన బృందాలు, డప్పులు ఉన్న చోట డీజే పెట్టెలు రావడంతో వృద్ధులకు, రోగులకు, పసిపిల్లలకు ఇబ్బంది కలుగుతున్నదని ఫిర్యాదులు పెరిగాయి. డీజేల వలన సంప్రదాయ వాయిద్య కళాకారుల ఉపాధి కూడా తగ్గింది.

ఎత్తైన విగ్రహాలను తరలించేటప్పుడు విద్యుత్ తీగలు తగిలి, నిమజ్జనంలో నీట మునిగి ప్రాణనష్టం జరిగిన సంఘటనలు ఉన్నాయి. 2019 సెప్టెంబరులో భోపాల్‌లో నిమజ్జనం చేస్తుండగా పడవ మునిగి 11 మంది మరణించారు. ఇటువంటి ప్రమాదాలలో చనిపోయేవారిలో ఎక్కువమంది యువకులే. నిమజ్జనాన్ని క్రేన్ల ద్వారా, శిక్షణ పొందిన సిబ్బంది చేత చేయించడం వలన ప్రమాదాలు తగ్గుతాయి.

మత సామరస్యం

హైదరాబాదు పాతబస్తీలో 1983, 1984 సంవత్సరాలలో గణేశ ఊరేగింపుల సమయంలో మత ఘర్షణలు జరిగి ప్రాణనష్టం సంభవించింది. నాటి నుండి నిమజ్జనం రోజున భారీ పోలీసు బందోబస్తు ఏర్పాటు చేయడం, ముందుగా ఇరువర్గాల పెద్దలతో శాంతి సంఘాల సమావేశాలు జరపడం ఆనవాయితీ అయింది.

చాంద్రమానంలోని తేడా వలన ముస్లిముల పండుగలు ఏటా కొద్ది రోజులు ముందుకు జరుగుతూ కొన్ని సంవత్సరాలలో గణేశోత్సవాలతో కలసి వస్తాయి. 2023 సెప్టెంబరు 28న గణేశ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజున వచ్చాయి. అప్పుడు హైదరాబాదులోని ముస్లిం పెద్దలు మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1వ తేదీకి వాయిదా వేసుకున్నారు. 2024లో కూడా మిలాద్ ఊరేగింపును నిమజ్జనం తరువాతి రోజులకు మార్చారు. ఒకే రహదారిపై ఇద్దరికీ హక్కు ఉన్నప్పుడు, ఘర్షణకు కారణం కాగల పరిస్థితిని మాటామంతీతో నివారించవచ్చునని ఈ సంఘటనలు తెలుపుతాయి.

ప్రస్తుత స్థితి

2025 జూలైలో మహారాష్ట్ర ప్రభుత్వం సార్వజనిక గణేశోత్సవాన్ని రాష్ట్ర ఉత్సవంగా ప్రకటించింది. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్‌లలో పట్టణాలతో పాటు గ్రామాలలో కూడా వాడవాడలా మండపాలు వెలుస్తున్నాయి. విదేశాలలోని తెలుగువారు, మరాఠీలు తాముండే నగరాలలో సామూహికంగా ఈ ఉత్సవాలను జరుపుకుంటారు. అక్కడి నీటి నిబంధనల వలన చాలాచోట్ల తొట్టెలలో నిమజ్జనం చేస్తారు.

ఈ ఉత్సవాలను కొనసాగించాలా వద్దా అన్నది నేడు ముఖ్య చర్చనీయాంశం కాదు. విగ్రహం ఎత్తు, వాడే పదార్థం, శబ్దం, ఊరేగింపు మార్గం, చందాల లెక్కలు వంటి విషయాలలో ఎవరు, ఏ మేరకు బాధ్యత వహించాలన్నదే చర్చ. ఉత్సవం సర్వ జనులది అయినప్పుడు దానివల్ల కలిగే నష్టాన్ని కూడా సర్వ జనులే భరించవలసి వస్తుంది. 1926లో పూజలో వాటా కోసం వచ్చిన ప్రశ్న, ఒక శతాబ్దం తరువాత చెరువుపై, వీధిపై, నిద్రపై ఉన్న హక్కుల ప్రశ్నగా మరో రూపంలో కొనసాగుతున్నది.

ఇవి కూడా చూడండి

వినాయక చవితి
బాల గంగాధర తిలక్
హుస్సేన్ సాగర్
ఖైరతాబాదు గణేశుడు
బోనాలు
బతుకమ్మ